తత్సమానం

ప్యాకేజీ కాగితంలో మా హోటల్ పేరుండదు.
ఉండేది జెట్టీ పక్కన తెల్లగా మెరిసే ఆ పెద్ద హోటల్ పేరు,
దాని తర్వాత ఒక గీత,
గీత పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో
"లేదా తత్సమానం".
ఆ తత్సమానం మేమే.

రంభ స్టేషనుకి మూడొందల అడుగుల దూరంలో
పద్నాలుగు గదులు, ఒక జనరేటరు, నేను.
పేరు జోగినాథం. రూమ్‌బోయ్ అంటారు,
యాభై నాలుగేళ్ళ బోయ్‌ని.

పెద్ద హోటల్ నిండిన రోజున,
చిలికకి పక్షులొచ్చాక అది నిండని రోజేదీ,
రాత్రి తొమ్మిదికి బస్సు మా గుమ్మం ముందు ఆగుతుంది.
పగలంతా లాంచీ మీద తిరిగిన మనుషులు
ఉప్పు పట్టిన జుట్టుతో, ఇంకా ఊగుతున్న కాళ్ళతో దిగి
ముందు బోర్డు చూస్తారు,
తర్వాత చేతిలో కాగితం చూస్తారు,
తర్వాత నన్ను చూస్తారు.

నాకు జవాబులు కంఠతా వచ్చు.
ఏసీ నిన్ననే సర్వీసుకిచ్చాం.
ఆ మరక మరక కాదు, డిజైను.
దోమలా? సరస్సు పక్కన కదండీ.
సరస్సు ఏదీ అంటే మాత్రం
తెలుగులోనూ ఒడియాలోనూ ఒకేలా దగ్గుతాను.

మొన్న జనవరిలో రాజాం బస్సులో వచ్చింది
వరాలమ్మ టీచరు. రిటైరై ఆరు నెలలట.
మోకాలికి పట్టీ, మెడలో కళ్ళజోడు తాడు.
నూట ఏడులో కిటికీ తెరిచి
కాగితంలోని బొమ్మని దాని పక్కన పెట్టి
పరీక్ష పేపరు దిద్దినట్టు చూసింది.
బొమ్మలో నీళ్ళు, నీళ్ళ మీద ఎర్రటి పొద్దు, ఒక తెరచాప.
కిటికీలో రైలు పట్టాలు, సిగ్నలు ఎరుపు,
ఎవరిదో ఆరేసిన లుంగీ.
"తత్సమం, తద్భవం ముప్పై ఏళ్ళు చెప్పాను నాయనా,
ఈ తత్సమానం ఏటో ఇప్పుడే తెలిసింది."

వేడినీళ్ళు రావేం అని అడిగింది.
రేపు తప్తపాని తీసుకెళ్తారు కదమ్మా,
అక్కడ భూమిలోంచే వస్తాయి అన్నాను.
నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

రాత్రి రెండున్నరకి గూడ్సు పోయింది.
టీపాయ్ మీది గ్లాసు దానంతటదే నడుచుకుంటూ
అంచుదాకా వచ్చింది.
ఆవిడ వరండాలోకి వచ్చి నిలబడింది.
"ఇంకా లాంచీలోనే ఉన్నట్టుంది" అంది,
కోపంగా కూడా కాదు.

నాకేం తోచిందో,
ఐదు కొట్టాక తాళంచెవి తీసి
మెట్లెక్కగలరా అన్నాను.
ముప్పై రెండు మెట్లు. ఒక్కో మెట్టుకీ నా భుజం.
మేడ మీద నీళ్ళ ట్యాంకు, డిష్ గొడుగు,
తీగల నిండా నేను ఆరేసిన రెండో జత దుప్పట్లు.
ఒకటి పక్కకి జరిపాను.

అవతల చిలిక.
పట్టాలకవతల, పాకలకవతల
ఇంకా రంగు తేలని నీళ్ళు.
వలకర్రల మీద కొంగలు.
ఇంజను వేయకుండా గెడతో పోతున్న ఒక పడవ.
మంచుకి మళ్ళీ తడిసిన దుప్పటి అంచు పట్టుకుని
ఆవిడ నిలబడే ఉంది
కింద బస్సు రెండుసార్లు హారను కొట్టేదాకా.

వెళ్ళేముందు రిజిస్టరులో గుండ్రటి రాతతో రాసింది:
"వేడినీళ్ళు లేవు. తలుపు గడియ పడదు.
కిటికీలో సరస్సు లేదు. మేడ మీద ఉంది.
అది ప్యాకేజీలో లేదు."

మా ఓనరు పాత్రో గారు ఆ చివరి ముక్క రెండుసార్లు చదివారు.
వారం తిరక్కుండా మేడ తలుపుకి కొత్త రంగు,
నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు,
"లేక్ వ్యూ, మనిషికి యాభై" అని మూడు భాషల్లో బోర్డు.
తెలుగులో వ్యూ కింద వత్తు ఎక్కడో జారిపోయింది.

దుప్పట్లు ఇప్పుడు మెట్ల కింద ఆరేస్తున్నాను,
జనరేటరు పక్కన, ఎండ మొహం చూడని చోట.
నిన్న ఎవరో రాశారు:
పక్కబట్టలు చెమ్మ వాసన.
నిజమే.
దాని పక్కన యాజమాన్యం జవాబుకని ఒక గడి ఉంది.
పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను.
అంతలో గూడ్సు వస్తున్న చప్పుడు,
గ్లాసు పట్టుకోవడానికి లేచాను.