నొక్కని మీట

అన్నిటికన్నా మంచి టేక్ ఏదంటే
నేను మీట నొక్కనిది.

మొదట్నుంచీ చెప్తాను.
కెమెరా కాలేజీది. శుక్రవారం సాయంత్రం నుంచి
ఆదివారం పొద్దుటి దాకా మాది.
గీత పడితే మూడు నెలల ఇంటద్దె ఎగిరిపోతుందని
తుగుల్దర్ దాన్ని చంటిబిడ్డలా గొర్రెతోలులో చుట్టాడు.
మైక్‌కి కర్ర లేదు.
గుర్రాల మెడకి ఉచ్చు వేసే పొడుగాటి వాసం ఒకటి
అనూజిన్ మామ హెంతీ నుంచి
బస్సు మీద కట్టి పంపించాడు.
"గుర్రాలు ఈనే వేళకి నాకు తిరిగి రావాలి"
అదొక్కటే షరతు.
దాని కొసన మైక్ కట్టి
మైక్‌కి మా చెల్లి ఉన్ని మేజోడు తొడిగాను.

ఉలాన్‌బాతర్‌లో జనవరి రాత్రి.
మైనస్ ముప్పై రెండు.
బ్యాటరీలు పావుగంటకే చచ్చేవి.
చంకల్లో పెట్టుకుని పొదిగేవాళ్ళం
కోడిపెట్టల్లా, కదలకుండా, నవ్వకుండా.
పొగ యంత్రానికి డబ్బుల్లేవని దిగులుపడ్డామా,
కొండవాలు గుడారాల పొయ్యిల్లోంచి
బొగ్గుపొగ అడక్కుండానే దిగొచ్చింది
కావలసినదానికి నాలుగింతలు.
మా దగ్గులు సౌండ్‌లో పడ్డాయి.

నాయిక రాలేదు.
మటన్ కుడుముల హోటల్లో రెండో షిఫ్ట్ వేశారట.
ఆమెనేం అంటాం, ఆ కుడుములే కదా
రెండ్రోజులుగా మేం అరువు తింటున్నది.

అప్పుడు తుగుల్దర్ పిన్ని దుల్మా,
ఆ డిపోలో బస్సులు కడిగే మనిషి,
బకెట్ కింద పెట్టి
"నిలబడితే చాలా? నిలబడతాను" అంది.
బకెట్లో నీళ్ళు మా కళ్ళముందే గడ్డకట్టాయి.
ఆఖరి బస్సు డ్రైవర్ పది నిమిషాలు ఆగాడు.
వెనక సీట్లో ముసలాయన మాత్రం
"మీ సినిమా సరే, ఇంట్లో నా సూప్ చల్లారిపోతోంది!"
మూడు టేకుల్లోనూ ఆయనే.

అనూజిన్ రాసిన మాటకి పిన్ని నోరు తిరగలేదు.
ఎనిమిది రాత్రులు కూర్చుని రాసిన మాట అది,
చంద్రుడున్నాడు అందులో, ఎడబాటుంది.
నాలుగోసారి
పిన్ని బస్సు తలుపు కడ్డీ పట్టుకుని
ఎవరూ లేని చీకట్లోకి చూసి
మెల్లగా ఏదో అంది.
రెండు ముక్కలు. తన సొంతవి.
ముసలాయన నోరు మూశాడు.
అనూజిన్ కట్ చెప్పడం మర్చిపోయింది.

చెవులకి హెడ్‌ఫోన్స్ ఉన్నది నాకొక్కడికే.
స్పష్టంగా విన్నది నేనొక్కణ్ణే.
తరవాత కిందికి చూస్తే
పెట్టె మీద ఎర్రచుక్క లేదు.
నొక్కాననే అనుకున్నాను.
కొంకర్లుపోయిన వేలు అబద్ధమాడుతుంది.

మళ్ళీ చెప్పమంటే పిన్ని
"ఏమన్నానో నాకేం గుర్తు, కాళ్ళు మొద్దుబారాయి" అంది.
నేను చెప్పొచ్చు.
చెప్తే నా గొంతే వస్తుంది.

సినిమా పదకొండు నిమిషాలు.
చివర్లో పెదవులు కదులుతాయి, బస్సు ఇంజన్ వినిపిస్తుంది.
"ఆ మౌనం సాహసం" అన్నారు మాస్టారు, మార్కులేశారు.
అనూజిన్ నావైపు తిరిగింది.
నేను బూట్లు చూసుకున్నాను.

మార్చిలో వాసం వెనక్కి పంపాం.
టేపు జిగురు ఎంత గీకినా పోలేదు.
మామ ఫోన్ చేశాడు:
"ఉచ్చు జారట్లేదు. ఏం పట్టారర్రా దీంతో?"
"ఒకటి తప్పించుకుంది" అంది అనూజిన్.
అవతల కాసేపు గాలి చప్పుడు.
"తప్పించుకున్నదెప్పుడూ
మంచి గుర్రమే" అన్నాడాయన.