తలకు మించిన పని

అరవయ్యో పుట్టినరోజుకి ఇష్బెల్
తనకు తానే కొనుక్కుంది ఒక పాత స్పిట్‌ఫైర్.
నెత్తిన కప్పు లేదు. తలుపు మోకాలెత్తు.
రంగు ముదురాకుపచ్చ అని కాగితాల్లో ఉంది గానీ
కంటికి కనబడేది ఎక్కువగా తుప్పే.
సెప్టెంబరులో కొండ పందెం ఎక్కిస్తానంది.
నేనేమీ అనలేదు.
గరాజులోకి వెళ్ళి టేపు వెతుక్కున్నాను.

హావిక్ అల్లిక మిల్లులో, అది మూతబడేదాకా,
సూదులు విరిగిన యంత్రాలకు సూదులు పెట్టినవాణ్ణి.
వెంట్రుకవాసి తేడా నా వేళ్ళకి తెలుసు.
ఉక్కు గొట్టం మాత్రం ఉన్ని కాదు,
తప్పు వంగితే విప్పి మళ్ళీ అల్లలేం.

నీళ్ళ పైపు చాలదా అన్నాడు పక్కింటి డూగల్.
చాలదయ్యా. అతుకు లేని గొట్టం కావాలి.
బండి తలకిందులైనప్పుడు
ముందుగా నోరు తెరిచేది అతుకే.

గలషీల్స్ నుంచి అద్దెకు తెచ్చిన వంపు యంత్రం
జాకీ కొట్టినకొద్దీ ముసలి ఆవులా మూలిగింది.
మూడు రాత్రులకి వంపు తేలింది,
రెండు కాళ్ళూ సమంగా, నా కంటికి ముద్దుగా.
తీరా నిలబెట్టబోతే నిలబెట్టడానికి నేల లేదు.
స్క్రూడ్రైవరుతో పొడిస్తే బిస్కెట్టులా విరిగి
కింద గరాజు సిమెంటు కనబడింది.
ఇన్నాళ్ళూ ఆవిడ మడమల కింద ఉన్నది
కాస్త తారు, కాస్త రంగు, అమ్మినవాడి అబద్ధం.

రెండు వారాలు నేలకే పోయాయి.
కొత్త రేకు, రేకు కింద అరచేతి వెడల్పు పలకలు,
ఒక్కో కాలికి నాలుగేసి బోల్టులు.
వెల్డింగు నేను చెయ్యలేదు.
నా అతుకు మీద గేటు నిలుస్తుంది,
మనిషిని నిలబెట్టే ధైర్యం లేదు.
ట్రాక్టర్లు బాగుచేసే మైరీ వచ్చి
మాటా పలుకూ లేకుండా చేసి, రెండు డజన్ల గుడ్లు పట్టుకెళ్ళింది.

అప్పుడు కూర్చోబెట్టాను ఇష్బెల్‌ని,
హెల్మెట్టు పెట్టి, బెల్టులు బిగించి.
గొట్టం మీంచి ముందు అద్దం అంచుదాకా
చీపురు కర్ర ఆనించబోతే
టక్కున హెల్మెట్టుకు తగిలింది.
మూడు వేళ్ళు తక్కువ.

నేను కొలిచింది వంటింటి ఇష్బెల్‌ని,
గళ్ళనుడికట్టు మీద వంగి పెన్సిలు కొరికే మనిషిని.
స్టీరింగు ముందు ఆవిడ అంత నిటారుగా కూర్చుంటుందని
ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో నాకు తెలీదు.

తలకు మించిన పని అంటారే,
ఇది తలకు మించితేనే పని.
మళ్ళీ గొట్టం. మళ్ళీ ఆవు మూలుగు. మళ్ళీ గుడ్లు.
పొట్టిది పెరట్లో పాతాను.
చిక్కుడు తీగకి ఆ ఎత్తు చాలింది.

ఎన్నడూ పనికిరాకూడదని మొక్కుకుంటూ
ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన వస్తువు
నా చేతి మీదుగా ఇంకోటి లేదు.

పందెం నాడు తనిఖీదారు వచ్చి
గొట్టానికి వేయించిన చిన్న రంధ్రంలోంచి మందం కొలిచాడు,
బోల్టులు ఒక్కొక్కటీ తట్టాడు, పైకి చూశాడు, కిందికి చూశాడు.
ఎవరు చేశారని అడిగితే
"ఇంట్లోనే" అంది, ఊరగాయ గురించి చెప్పినట్టు.

తర్వాత ఆవిడ లేదు.
మలుపు అవతల చప్పుడు మాత్రం ఉంది,
అది కూడా ఒకచోట తెగింది.
డెబ్బై మూడు సెకన్లట. నేను లెక్కపెట్టలేదు.
ఫ్లాస్కు మూత చేతిలో పట్టుకుని
టీ పొయ్యడం మరిచి
తడిసిన గడ్డిలో నిలబడ్డాను.

నూకలు గట్టివే. దిగొచ్చింది.
హెల్మెట్టు తీసి, జుట్టు నుదుటికి అంటుకుని ఉండగా
మొట్టమొదట నాతో అన్నమాట:
"నీ గొట్టం ఈల వేస్తోంది."

ఆ తనిఖీ రంధ్రమే. అరవై మైళ్ళు దాటితే
దాంట్లో గాలి దూరుతోంది.
మైనం పెట్టి మూసేస్తానన్నాను.
"ఉండనీ," అంది, "స్పీడు మీటరు ఎలాగూ పనిచెయ్యట్లేదు."