నడిమాకు

అద్దంకి బస్టాండు వెనక సందులో
ఖాదర్ మస్తాన్ బేకరీ.
గాజుబీరువాలో మూడంతస్తుల కేకు,
ఒంగోలు ఎండలో కరగని ఐసుగడ్డలాగా.
దాని ముందు నిలబడి
రిబ్కా చెప్పులు విప్పింది.
"చర్చి కాదుమే, కొట్టు" అన్నా.
నవ్వింది గానీ మళ్లీ తొడుక్కోలా.

తొమ్మిది వేలన్నాడు.
నేను లోపల్లోపల కూలి కింద మార్చుకున్నా.
రోజుకు మూడొందల ఎనభై లెక్కన
ఇరవైనాలుగు రోజుల ఆకు,
ఇరవైనాలుగు రోజుల దగ్గు,
టంగుటూరు గోడౌన్లో మూతికి కొంగు కట్టుకుని.

చీటీ తీసి చూశా.
షామియానా, బిర్యానీ మాస్టరుకు అడ్వాన్సు,
గౌను అద్దె, బ్యాండు, పాస్టరుగారి కవరు.
అన్నీ పోను అడుగున మిగిలింది నాలుగు వేలు,
అదీ దీనమ్మ చీటీ పాట మనకొస్తేనే.

మస్తాన్ మొహం చూసి ధర చదివే మనిషి.
గొంతు తగ్గించి, "డమ్మీ ఉందమ్మా" అన్నాడు.
లోపల్నించి తెచ్చి బల్ల మీద పెట్టాడు.
కింద రెండంతస్తులూ థర్మకోలు,
పైదొక్కటే కేకు.
క్రీము పూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదంట.
"మరి కత్తి?" అంది రిబ్కా.
వెనక్కి తిప్పి చూపించాడు,
బెత్తెడు వెడల్పున ఒక గాడి.
అందులో నిజం కేకు ముక్క దూరుస్తాడు.
కత్తి అక్కడే దిగాలి.
మర్నాటి సాయంత్రానికి తెచ్చిచ్చేయాలి.
డిపాజిట్టు ఐదొందలు.

ముప్పై ఏళ్లుగా పొగాకు ఏరేదాన్ని.
పైన నిమ్మపండు రంగు ఆకు పరిచి
నడిమిన పచ్చాకు, మచ్చాకు, తుక్కు దాచిన బేళ్లు
ఎన్ని చూళ్లా.
వేలంలో బయ్యరు మనిషి
మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి
ఒక్క ఆకు లాగుతాడు.
రైతు అప్పుడు బేలు వంక చూడడు, నేల వంక చూస్తాడు.
మా మేస్త్రి ఓబేదు అంటా ఉంటాడు,
పైనాకు కంటికి, నడిమాకు కాటాకి అని.

"వద్దులేమే. ఒక్క అంతస్తే తీసుకుందాం,
నాలుగు మెతుకులైనా నిజంయి" అన్నా.

రిబ్కా మాట్లాడలా.
థర్మకోలు మీద బొటనవేలు రాస్తా ఉంది,
ఆకు ఈనె చూసినట్టు.
గాడి తప్పిన కత్తుల గీతలు
పదో, పదిహేనో.
"పెద్దమ్మా, ఇక్కడ చెయ్యి వణికింది.
ఇదిగో, వీళ్లకు తొందర.
ఇది చూడు, ఒకళ్లు నొక్కుతుంటే
ఇంకొకళ్లు ఆపారు."
ఒక్కో గీతకూ గ్రేడు కట్టింది.
మస్తాన్ లెక్కల పుస్తకం మూసి
తనూ ఒంగి చూడబట్టాడు.

ఇంక నేనేం చెప్పేది.
మూడు వేల రెండొందలకు ఒప్పించా.
గాడిలో ముక్క పెద్దది పెట్టాలని,
పక్కన క్రీము లేని మామూలు కేకు రెండు కిలోలు,
మా వరసలో కూర్చునే నలభైరెండు మందికి.
వాళ్లకు ఫొటో అక్కర్లా.
ఆకు దుమ్ముకు ఎప్పుడూ నోరు చేదే.

మే నెల. ఆటోలో నా ఒళ్లో కేకు.
హైవే మీద లారీల వేడిగాలి.
చింతపండు పెట్టి తోమినా పోని జిగురు చేతులని
పెట్టెను మోచేతులతో పట్టుకున్నా.
సూరారెడ్డిపాలెం దాటాక
క్రీము గులాబీ ఒకటి జారింది.
వేలితో పైకి తోశా. వేలు నాకా.
డాల్డా, చక్కెర,
కొంచెం పొగాకు.

మర్నాడు కడిగి తీసుకెళ్లా.
మస్తాన్ కళ్లజోడు పెట్టుకుని చుట్టూ తిప్పాడు.
గాడికి జానెడు ఇవతల కొత్త గీత,
బాగా లోతుగా.
జనాన్ని చూసి పిల్లోడు గాడి సంగతే మర్చిపోయాడు.
పిల్లకు గుర్తుంది.
అయినా చెయ్యి ఆపలా.
"యాభై కోస్తానమ్మా" అన్నాడు.

తేమకు కోత, తుక్కుకు కోత,
పావుగంట ఆలస్యానికి కోత,
అన్నిటికీ పోట్లాడిన నోరే ఇది.
నాలుగొందల యాభై కొంగున ముడేసుకుని
ఆ గీతలోకి ఇంకోసారి బొటనవేలు పోనిచ్చా,
అవతల టంగుటూరు బస్సు
హారన్ కొడతా ఉన్నా.