ఇల్లు జరిపే పద్ధతి

చిలోయే దీవిలో ఇళ్లు నడుస్తాయి.
కొత్త నేల వేరేచోట దొరికితే
ఊరంతా వచ్చి ఇంటికి తాళ్లు కడతారు,
కింద దుంగలు దొర్లిస్తారు, ముందు ఎద్దుల్ని పూనుస్తారు,
నీళ్లు అడ్డొస్తే పీపాలు కట్టి సముద్రం మీద తేలుస్తారు.
మింగా అంటారు దాన్ని.
కూలి ఉండదు. కడుపునిండా మాంసం, ఆపిల్ సారా, అంతే.

అదే నేను తెరమీద చూపించాలి.
కాస్త్రో మ్యూజియంలో, కిటికీ వారన ఉన్న కంప్యూటర్లో
బడిపిల్లలు మీట నొక్కితే
పసుపు ఇల్లు ఒడ్డు దిగి, నీళ్లు దాటి, అవతలి ఒడ్డెక్కాలి.
ఒక పొరలో సముద్రం, ఒక పొరలో వాన,
ఒక పొరలో ఇల్లు.
ఆరు సెకన్ల ప్రయాణం.

మొదటిరోజు నీళ్లలోకి దిగమంటే ఆకాశంలోకి ఎగిరింది.
ఈ యంత్రంలో సున్నా కింది మూల నుంచి మొదలవుతుందని
మరిచిపోయాను.
రెండోరోజు తన మూలనే ఇరుసు చేసుకుని
తాగినవాడిలా గిర్రున తిరిగింది.
మూడోరోజు బుద్ధిగా కదిలింది, నీళ్లు దాటింది,
అవతలి ఒడ్డు తాకింది,
తాకీ తాకగానే
ఇవతలి ఒడ్డున ఉంది.

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లుంటారు.
ఇక్కడ తెప్ప తగలబడగానే
దాటినవాడే వెనక్కొచ్చి పడుతున్నాడు.

సెకన్లు పెంచాను, తగ్గించాను.
ఒక్కో పొరా ఆపి చూశాను.
వానని కూడా ఆపాను, తెరమీద.
బయట రేకుల మీద అది వారం నుంచి ఆగలేదు.

నాలుగోరోజు రెండు వరుసలు రాశాను:
ప్రయాణం ముగిసినా ముగిసిందనకు,
ఆఖరి రూపాన్నే చూపిస్తూ ఉండు.
ఇల్లు నిలిచింది!
ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున టికెట్లమ్మే మిరేయా కూతురు, ఏడేళ్లది,
కొత్త ఒడ్డున ఇంటి తలుపు నొక్కింది. తెరుచుకోలేదు.
మళ్లీ నొక్కింది.
విసుగొచ్చి పాత ఒడ్డున ఖాళీ ఇసుక మీద నొక్కితే
అవతల తలుపు తెరుచుకుంది.
"యాస్నా, ఇల్లు అక్కడుంది గానీ
గడప ఇక్కడే మర్చిపోయారు."

నవ్వలేకపోయాను.
వెళ్లినట్టు కనిపించడం వేరు, వెళ్లడం వేరు,
యంత్రం రెండు లెక్కలూ విడివిడిగా రాసుకుంటోంది.
నేను దిద్దింది కళ్లకు కనిపించే లెక్క ఒక్కటే.

దోన్ రోసామెల్ చిగువాయ్ ఆ మధ్యాహ్నం వచ్చాడు,
తడిసిన ఉన్ని టోపీ పొయ్యి మీద ఆరేసి.
ఎనభై ఒకటేళ్లు, లాగిన ఇళ్లు ముప్ఫైకి పైనే.
ఎద్దులు సరిగ్గా గీశానో లేదో చూడ్డానికి పిలిచాను.
చూశాడు. మళ్లీ వేయమన్నాడు. మళ్లీ చూశాడు.
"ఎద్దులకేం, బాగున్నాయి. గుంజలేవీ?"
"ఏ గుంజలు?"
"అవతల. ఇల్లు కదలకముందే అక్కడ గుంజలు పాతాలి కదమ్మా,
మట్టం చూసి, కొలిచి.
లాగడం పండగ. ఇల్లు జరిగేది అంతకుముందు రోజే,
నలుగురితో, పారల్తో. ఎవరూ చూడ్డానికి రారు."

ఒకసారి గుంజలు పాతకుండానే లాగారట.
మూడు రాత్రులు ఆ ఇల్లు ఇసుకలో,
పోటు గడపదాకా వచ్చి పోతుంటే,
లోపల వాళ్లు బంగాళాదుంపలు ఉడకేసుకుంటూనే ఉన్నారట.

ఆయన వెళ్లాక ఆ రెండు వరుసలూ కొట్టేశాను.
ముందు ఇంటికి చెప్పాను: నీ చోటు అది, అవతల.
చెప్పగానే తనంతట తానే పావు సెకనులో జారబోయింది.
ఆగమన్నాను.
అప్పుడు తాళ్లు కట్టాను:
ఇక్కణ్ణించి అక్కడికి, ఆరు సెకన్లు, ఎద్దుల నడకలో.

దాటింది. తాళ్లు తెగిపోయాయి.
ఇల్లు కదల్లేదు.

మిరేయా కూతుర్ని పిలిచాను. తలుపు నొక్కింది,
తలుపు ఉన్నచోటే.
తెరుచుకుంది. లోపలంతా నలుపు.
నేనింకా ఏమీ గీయలేదు.
అది మెడ చాచి కాసేపు చూసి
"ముందు పొయ్యి పెట్టు," అంది.