ఆరు వందల గ్రాములు

రిజిస్టరులో వార్డుల నుంచి వచ్చింది
నలభై ఏడు కిలోలు.
కొలిమిలోకి వెళ్ళింది
నలభై ఆరు కిలోల నాలుగు వందలు.

నేను ఆగింది అక్కడే.
నైరోబీ నుంచి రాత్రంతా బస్సులో వచ్చాను,
నడుము ఇంకా సీటు ఆకారంలోనే ఉంది,
లెక్క తేలందే నాకు కన్ను మూతపడదు.

అప్పటికే చాలా రాశాను.
ప్రసూతి వార్డులో సూదుల డబ్బా
ముప్పాతిక గీత దాటి మెడదాకా నిండింది.
రాశాను.
పసుపు సంచిలో ఎవరో తాగి పడేసిన పాల ప్యాకెట్.
రాశాను.
పొగగొట్టం పక్కింటి రేకుల కప్పుకంటే జానెడే ఎత్తు,
సరస్సు గాలి ఇటు తిరిగితే
ఆరబెట్టిన ఒమేనా చేపల మీద మసి వాలుతుంది.
అదీ రాశాను, కింద రెండు గీతలు గీసి.

ఒగోలా నా వెనకే నడుస్తున్నాడు,
మోచేతుల దాకా తొడుగులు,
ఒక బూటు నలుపు, ఒకటి ఆకుపచ్చ.
పోయినేడు మామూలు చెత్త సంచిలో దాక్కున్న సూది
అతని బొటనవేల్లో దిగింది.
ఇరవై ఎనిమిది రోజులు మాత్రలు.
అన్ని రాత్రులూ పెళ్ళాం పక్కన
గోడవైపు తిరిగి పడుకున్నాడట.
అందుకే నాకీ రంగుల పట్టింపు.
రంగు తప్పిన సంచి
ఎవరి వేలినో వెతుక్కుంటూ పోతుంది.

"ఆ ఆరు వందలూ ఏవి?"
నీళ్ళు నమిలాడు.
కాటా వైపు చూశాడు.
అది ఏమీ ఎరగనట్టు సున్నా చూపించింది.

చివరికి మంచుపెట్టె మూత తీశాడు.
ఎర్ర సంచి. రెండు ముళ్ళు.
మీద వంకర అక్షరాల్లో:
అపోండి, తెల్లవారుజాము.

మాయ.
ఆ పూట పుట్టిన ఆడపిల్లది.

"వాళ్ళ అవ్వ వస్తానంది మేడమ్, రెండు కొండల అవతల నుంచి.
పెరట్లో పాతిపెట్టకపోతే
పిల్లకి ఊరెక్కడిదంటుంది.
మీలో ఎలాగో నాకు తెలీదు, మాలో
ఏ ఊరు నీదని అడగరు,
నీ మాయ ఎక్కడ పాతారని అడుగుతారు."

నా చేతిలో ఫారం ఉంది.
నాలుగో భాగం, శరీర కణజాలం.
కాల్చినవి.
గుంటలో వేసినవి.
ఇంటికి పంపినవి అన్న గడి లేదు.

నేను పుట్టింది రాజధానిలో, పెద్దాసుపత్రిలో.
అమ్మనోసారి అడిగాను, నాదేం చేశారని.
బకెట్లో పట్టుకుపోయారే, ఎటో, నేను చూళ్ళేదు
అంది ఉల్లిపాయలు తరుగుతూ.
ఇప్పటికి పదకొండు అద్దె ఇళ్ళు మారాను.
దానికీ దీనికీ సంబంధం ఉందనను.
లెక్కలు చూసేదాన్ని,
అలాంటివి అనకూడదు.

అవ్వ రానే వచ్చింది,
చంకలో కొత్త కుండ, కాళ్ళకి ఎర్రమట్టి.
తల్లి రక్తపరీక్షల కాగితాలు తెప్పించాను,
అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చదివాను,
జబ్బేమీ లేదు.
కారని సంచి, దాని మీద ఇంకో సంచి, చేతికి తొడుగులు,
అన్నీ దగ్గరుండి వేయించాను.
"ఎంత లోతు తవ్వుతారు?"
అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.
"కుక్క ముక్కుకి అందనంత."
మా నిబంధనల పుస్తకంలో ఏదీ
ఇంత తేటగా రాసి లేదు.

సూదుల డబ్బాలకి పదిహేను రోజుల గడువిచ్చాను.
పొగగొట్టానికి మూడు నెలలు, జరిమానాతో.
ఆరు వందల గ్రాముల దగ్గర
కాటా సరిచూడాలి అని మొదలుపెట్టి
కొట్టేశాను.
స్కేలు అడిగి తెప్పించుకుని
ఫారం అడుగున కొత్త గడి గీశాను.
ఇంటికి పంపినవి: ఒకటి.

పక్కన అవ్వ వేలిముద్ర పడింది,
గడి దాటి.