కుట్టని చొక్కా

"కుడుతోంది" అన్నాడు ఉదయన్.
ఆరేళ్ళ వాడి దగ్గరున్న మాటలే తక్కువ,
అందులో అరిగేదాకా వాడేది ఇదొక్కటి.
చీమా కాదు, తేనెటీగా కాదు.
మెడ వెనక గోరంత గుడ్డముక్క,
ఏ దేశంలో పుట్టిందో, ఎంత వేడినీళ్ళలో ఉతకాలో
చెప్పే లేబులు.

కత్తిరించాను. మిగిలిన మొండి అంచు
ఇంకా ఎక్కువ కుట్టింది.
తిరగేసి తొడిగాను. గుండీలు లోపలికొచ్చి గుచ్చుకున్నాయి.
ఆ చలికాలమంతా వాడు
మోకాళ్ళదాకా వేలాడే నా పాత బనీనులో
కిటికీ దగ్గర నిలబడి
బర్న్‌లీ వానని లెక్కపెట్టాడు.

పగలు నా పని ఆసుపత్రి ల్యాబులో,
రక్తం సీసాలకి లేబుళ్ళు అంటించడం.
పేరు, పుట్టినరోజు, వార్డు.
ఒక్కటి తప్పితే ఒక ప్రాణం తారుమారు.
బడివాళ్ళు కూడా మర్యాదగా, టీ ఇచ్చి మరీ,
వాడికొకటి వెతుకుతున్నామన్నారు.
తల ఊపి వచ్చేశాను.

గురువారం సాయంత్రాలు,
కాలవ పక్క చర్చి హాల్లో కుట్టు క్లాసు.
పన్నెండు మిషన్లు, పదకొండుమంది ఆడవాళ్ళు, నేను.
"కర్టెన్లకా?" అంది పక్క మిషను షగుఫ్తా.
"చొక్కాకి."
"మొదటే చొక్కానా!" అంటూ
తన దిండు గలీబు నావైపు జరిపింది,
ముందు తిన్నగా కుట్టడం నేర్చుకోమన్నట్టు.
నిజమే. నా మొదటి కుట్టు
తాగినవాడు ఇల్లు చేరిన దారిలా ఉంది.

నేర్పేది డోరీన్. ఎనభై దాటింది.
పదిహేనో ఏట మగ్గాల షెడ్డులో చేరి
పాతికేళ్ళకి చెవులు అక్కడే వదిలేసి వచ్చింది.
ఆ రొదలో గొంతు పనిచేసేది కాదట,
పెదవులే మాట్లాడేవట,
ఈ కొస నుంచి ఆ కొసకి పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు.
ఇప్పటికీ తొందరలో గొంతు మరిచిపోతుంది.
"కోసేముందు రెండుసార్లు కొలువు."
చప్పుడుండదు, ముఖమంతా కదులుతుంది.
తన యాస నాకూ నా యాస తనకీ అందనిచోట
ఆ పెదవులే పనికొచ్చాయి.

కొలతలకి వాణ్ణి తీసుకెళ్ళాను.
టేపు తగలనివ్వడు. బల్ల కింద దూరి
రాలిన దారప్పోగుల్ని రంగులవారీగా పేర్చుకుంటున్నాడు.
డోరీన్ మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ
నేలమీద చతికిలబడింది.
వాడివైపు తిరిగి పెదవులతో ఏదో అంది.
వాడు చూశాడు.
ఎవరి ముఖమూ చూడనివాడు ఆమె నోరు చూశాడు.
కాసేపటికి వాడి పెదవులూ కదిలాయి.
ఏమన్నాడని అడిగితే
"అది మా ఇద్దరి మధ్య" అంది,
టేపు బదులు ఎర్ర దారంతో వాడి భుజం కొలిచి
ముడివేసి నా చేతిలో పెడుతూ.

అతుకులన్నీ మడిచి, మడతలో మడత దాచి
గరుకన్నది ఒంటికి తగలకుండా కుట్టాలి.
కుట్టకుండా కుట్టాలి.
ఈ ముక్క ఇంగ్లీషులో చెప్పబోయి ఆగిపోయాను.
నవ్వొచ్చింది. పంచుకోడానికి అక్కడెవరూ లేరు.

ఎడమ చెయ్యి తిరగబడి అతికింది. విప్పాను.
కాజాలు గుండీలకన్నా చిన్నవయ్యాయి. మళ్ళీ కోశాను.
తెనాలిలో మా దర్జీ మస్తాను
"పెరిగే పిల్లాడు" అంటూ
లోపల రెండంగుళాలు వదిలేవాడు.
ఆ గుడ్డంతా దండగ అనుకునేవాణ్ణి.
నేనూ వదిలాను.

మార్చి రెండో గురువారం పూర్తయింది.
కాలరు ఒకవైపు కాస్త ఆకాశం చూస్తోంది.
వాడు తొడుక్కున్నాడు.
మెడ వెనక చెయ్యి పెట్టి తడిమాడు.
మళ్ళీ తడిమాడు.
అలవాటుకొద్దీ ఆ మాట కోసం కాచుకున్నాను.
రాలేదు.
పెదవులు మాత్రం కదిలాయి.
ఆ భాష నాకింకా రాదు.

వచ్చే గురువారం క్లాసుకి వెళ్ళాలి,
ఈసారి గుడ్డ కొనకుండా.