ఖరీదు రాయని పద్దు

కంపోట్‌లో నది ఒడ్డున మూడంతస్తుల బస.
రోజుకి పన్నెండు డాలర్లు, ఫ్యాను గది.
ఎక్కడికెళ్ళినా నా జబ్బు నాతోనే,
రూపాయి ఖర్చుకీ పుస్తకంలో పద్దు రాస్తాను:
మిరియాలు అరకిలో.
పడవ.
కొబ్బరి బోండం.

ఆ సాయంత్రం మెట్ల మీద ఎదురయ్యారు.
నా ఈడు మనిషి, బూడిదరంగు టోపీ,
వెనకాలే ఓ పిల్ల, తొమ్మిదేళ్ళుంటాయేమో,
తెల్ల చొక్కా, నీలం లంగా, బడి బట్టలు,
కొత్త గులాబీ చెప్పులకి
ధర చీటీ ఇంకా వేలాడుతోంది.
"మా స్నేహితుల పాప" అన్నాడు
నేనేమీ అడక్కముందే.

అడగని ప్రశ్నకి జవాబు.
అదే చేపముల్లులా గొంతులో దిగింది.

గదిలో కూచుని నాతో నేనే తగువు పడ్డాను.
ఊరు కాని ఊరు. భాష కాని భాష.
నిజంగానే స్నేహితుల పాపయితే?
ఒక మంచివాడి మీద బురద చల్లినదాన్నవుతానా?
పక్క గదిలో గడియ పడింది.
వెళ్ళి ఆ తలుపు బాదాలనిపించింది.
ఫోటో తీసి లోకమంతా చూపించాలనిపించింది.
రెండూ నా కోపానికి పనికొచ్చేవే,
పిల్లకి కాదు.

చెప్పులు చేత పట్టుకుని కిందికి దిగాను.
చెండా తాళంచెవులు సర్దుతోంది.
చెప్పాను. సగం మాటలు, సగం చేతులు.
ఆమె ఉలిక్కిపడలేదు,
నా కాళ్ళలో సత్తువ పోయింది అందుకే.
గోడ మీది క్యాలెండర్ పక్కకి జరిపింది,
దాని వెనక అంటించిన కాగితం, ఒక నంబరు.
"యజమాని చూస్తే చింపేస్తాడు" అంది.
"నేను చేస్తే రేపటికి ఈ పని ఉండదు.
మీరు ఎల్లుండి వెళ్ళిపోయేవారు.
మీరు చేయండి."

వెళ్ళిపోయేవాళ్ళకి కూడా
ఒక ఉపయోగం ఉంటుందని అప్పుడు తెలిసింది.

అవతల ఒక గొంతు, మొదట ఖ్మేర్‌లో,
తరవాత నెమ్మదిగా, నాకర్థమయ్యేలా.
"వాడు దుర్మార్గుడు" అన్నాను.
"అది మేం తేల్చుకుంటాం. గది నంబరెంత?"
ఏడు.
"ఎన్నింటికి చూశారు?"
ఆరూ నలభై.
"ఎందులో వచ్చారు?"
టుక్‌టుక్. వెనక కోడిపుంజు బొమ్మ.
"పిల్ల ఏడుస్తోందా?"
లేదు. మెట్లు లెక్కపెట్టుకుంటోంది, పైకే.
గొంతు ఒక్క క్షణం ఆగింది.
"మీరు ఖాయంగా తెలుసుకోనక్కర్లేదు,
చూసింది చెప్పారు, చాలు.
తలుపు తట్టకండి. పిల్ల బొమ్మ ఎవరికీ పంపకండి.
ఆ మనిషి ఏ దేశమో తెలిస్తే చెప్పండి,
వాళ్ళ రాయబారి ఆఫీసుకీ కబురు పెడతాం."

సైరన్ లేదు.
మామూలు చొక్కాలో ఒకావిడ,
రబ్బరు చెప్పులతో ఒక పోలీసు.
చెండా నన్ను పైకి తరిమేసింది, చూడొద్దంది.
వసారాలోంచి చూశాను.
ఆవిడ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూచుంది,
ఏదో మాట్లాడింది, చాలాసేపు.
చెప్పు పట్టీకున్న చీటీని
పళ్ళతో పుటుక్కున తెంపింది.
ఆ మనిషి గొంతు పెరుగుతూ పెరుగుతూ
వీధి మలుపులో ఆగిపోయింది.

పొద్దున క్యాలెండర్ తిన్నగా ఉంది.
పోయిన నెల పేజీ, ఎవరూ తిప్పలేదు.
ఏమైందని అడిగాను.
"తెలీదు" అంది చెండా, గుడ్డు వేపుతూ.
ఫోను కాలుకి ఎంతన్నా తీసుకోలేదు.

సరిహద్దులో బస్సు ఆగినప్పుడు లెక్క సరిచూశాను.
డాలర్లు, రియల్‌లు, అన్నీ సరిపోయాయి.
బోండానికీ పడవకీ మధ్య ఒక గీత:
ఏడో గది, 6.40, నీలం లంగా, కోడిపుంజు.
ఎదురుగా ఖరీదు లేదు.
పేరుకి కాస్త చోటు వదిలాను,
ఆ పేరు నాకెవరూ చెప్పరు.
చెప్పకూడదు కూడా.